మొదటి సింగిల్: 5 నిమిషాల 40 సెకన్ల పాటను కోయాలా, అట్లే వదలాలా?

కాజీపేట_గిటార్
మా బ్యాండ్ మొదటి సింగిల్, అంటే విడిగా వదిలే ఒక్క పాట, వచ్చే నెల వదులుదామని అనుకుంటున్నాం. ఐదుగురం: రెండు గిటార్లు, బేస్, డ్రమ్స్, పాడేవాడు. మూడేళ్లుగా కాలేజీ ఫెస్టుల్లో, రిసెప్షన్లలో వేరేవాళ్ల పాటలే వాయించాం. ఇది సొంత పాట. తెలుగు రాక్. డప్పుతో మొదలై, మెల్లగా గిటార్లు ఎక్కి, 1:12 దగ్గర గొంతు వస్తుంది. మొత్తం 5:40.

లొల్లి ఏంటంటే, పాడేవాడు మూడు నిమిషాలకు కోసేయమంటున్నాడు. రీల్స్ చూసే జనం నిమిషం పాటు గొంతు కోసం ఎవడు ఆగుతాడని వాడి వాదన. డ్రమ్మర్ ఏమో కోస్తే బ్యాండ్‌లో ఉండనంటున్నాడు. పదిహేను రోజులుగా ప్రాక్టీస్ లేదు, వాట్సాప్‌లో కొట్లాటే. స్పాటిఫై, యూట్యూబ్‌లకు పాట పంపే అప్‌లోడ్ ఫారం సగం నింపి పెట్టాను. సింగిల్ వదిలిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బ్యాండ్ పేరు చెప్పను, ప్రమోషన్ అని మోడరేటర్ పీకేస్తాడు.

మోడరేటర్
పీకేస్తాను.

బేస్_ఎవరికి_వినబడుద్ది
1:12 దాకా గొంతు రాకపోతే మా అమ్మ "ఇంకా మొదలుపెట్టలేదా" అని వంటింట్లోకి పోతుంది. మా నాన్న అప్పటికే నిద్ర. కోసెయ్.

పాత_క్యాసెట్
కోసే ముందు ఈ మూడు నిమిషాల లెక్క ఎక్కడిదో తెలుసుకో తమ్మీ. అది సంగీతం పెట్టిన లెక్క కాదు, లక్క రికార్డు పెట్టింది. పాత 78 స్పీడు పది అంగుళాల పళ్లెం మీద ఒక వైపు మూడు నిమిషాలు, కొంచెం అటూ ఇటూ, అంతే పట్టేది. 1949లో ఆర్‌సీఏ అనే రికార్డు కంపెనీవాళ్లు ఏడంగుళాల 45 స్పీడు పళ్లెం తెచ్చారు, సింగిల్ అంటే అదే అయింది. రేడియోవాళ్లకు కూడా చిన్న పాటే సుఖం. పళ్లెం పోయింది, మూడు నిమిషాలు మాత్రం మిగిలింది.

బ్రిటన్ రాక్ బ్యాండ్ క్వీన్ వాళ్లు 1975 అక్టోబర్ 31న "బొహీమియన్ రాప్సొడీ" అనే 5 నిమిషాల 55 సెకన్ల పాటను సింగిల్‌గా వదిలారు. ఇంత పొడుగు రేడియోలో ఎవరూ వేయరని కంపెనీవాళ్లు మొత్తుకున్నారు. లండన్ రేడియోలో కెన్నీ ఎవరెట్ అనే ఆయన చేతికి ముందే ఒక కాపీ చిక్కితే రెండు రోజుల్లో పద్నాలుగు సార్లు వేశాడంటారు. బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. అంతకు ఏడేళ్ల ముందే బీటిల్స్ ఏడు నిమిషాలు దాటిన సింగిల్ వదిలి ఉన్నారు. నీది 5:40. వాళ్ల ముందు చిన్నపిల్ల.

నైంనగర్_నాని
మీరు క్వీన్ అయితే కోయకండి. కాకపోతే కోయండి. చర్చ అయిపోయింది, తాళం వేయండి మోడరేటర్ గారూ.

జమ్మికుంట_జానీ
పాత_క్యాసెట్ సారు ఏ టాపిక్ ఇచ్చినా 78 స్పీడు దగ్గరికి తీసుకుపోతారు. మొన్న ఇయర్‌ఫోన్స్ థ్రెడ్‌లో కూడా అంతే.

పాత_క్యాసెట్
ఆ ఇయర్‌ఫోన్స్ కొన్నావా లేదా? నేను చెప్పినవే కొన్నావు.

జమ్మికుంట_జానీ
కొన్నాను సార్. బాగున్నాయి.

మిక్సింగ్_మామ
హైదరాబాద్‌లో మిక్సింగ్ చేస్తాను, సొంతూరు హన్మకొండే. లెక్క సూటిగా చెప్తా. స్పాటిఫైలో 30 సెకన్లు విన్నారంటే ఒక ప్లే కింద లెక్క. ఆ తర్వాత రెండు నిమిషాలు విన్నా, ఐదు నిమిషాలు విన్నా అదే ఒక్క ప్లే. అందుకే సినిమావాళ్లు, ర్యాప్ కుర్రాళ్లు పాటలు చిన్నవి చేస్తున్నారు, అంతే తప్ప అదేం కళా సిద్ధాంతం కాదు. నీ అసలు గండం 5:40 కాదు, మొదటి 30 సెకన్లు. అక్కడ డప్పు పట్టుకుందా, మిగతాది వింటారు. పట్టుకోలేదా, మూడు నిమిషాలకు కోసినా దాటేస్తారు.

రెండు వెర్షన్లు చేసుకోవచ్చు. కానీ ఐఎస్‌ఆర్‌సీ నంబర్లు వేర్వేరుగా ఉండాలి. పన్నెండు అక్షరాల కోడ్ అది, రికార్డింగుకు ఆధార్ నంబర్ అనుకో. కోసిన వెర్షన్‌కు పాత నంబరే తగిలిస్తే రెండూ కలిసిపోయి లెక్కలు గల్లంతవుతాయి.

ఒక 40 సెకన్ల ముక్క ఇక్కడ పెడతావా? వినకుండా కోయమని ఎట్ల చెప్తాం.

కాజీపేట_గిటార్
ప్రొఫైల్లో ఆడియో ముక్క పెట్టాను. 0:50 నుంచి 1:35 దాకా. డప్పు, గిటార్ కలిసే చోటు, పల్లవి మొదటి రెండు వరుసలు. మిక్సింగ్ పూర్తికాలేదు, తిట్టకండి.

నైంనగర్_నాని
విన్నాను. పైన నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆ డప్పు దగ్గర రోమాలు లేచాయి.

బేస్_ఎవరికి_వినబడుద్ది
బేస్ వినబడట్లేదు.

కాజీపేట_గిటార్
నీ పేరే జవాబు కదా అన్నా.

కరీంనగర్_కీబోర్డ్
బాగుంది. తెలుగులో ఇట్లాంటివి రావాలి. హైదరాబాద్‌లో చౌరస్తా బ్యాండ్ వచ్చాక మా కాలేజీలో ప్రతివాడూ గిటార్ కొన్నాడు, ఆర్నెల్లకు అందరూ అమ్మేశారు.

కాజీపేట_గిటార్
మా అమ్మకు వాళ్ల పేరు చెప్తే "ఏ చౌరస్తా? వరంగల్‌దా, హన్మకొండదా?" అని అడిగింది.

సిర్ర_సిటికెన
ఒక చిన్న డౌటు. మొదటి పోస్టులో ఐదుగురం అన్నావు. రెండు గిటార్లు, బేస్, డ్రమ్స్, గొంతు. ఐదూ అయిపోయాయి. మరి ఆ డప్పు ఎవరిది? అది కంప్యూటర్లో దొరికే శాంపిల్ కాదు. ఎడమ చేతి సిటికెన పుల్ల అంత సన్నగా పలికించాలంటే కనీసం ఇరవై ఏళ్లు కొట్టి ఉండాలి.

కాజీపేట_గిటార్
బాగా పట్టారు. అది డ్రమ్మర్ వాళ్ల ఊరి కాక. పరకాల అవతల. అరవై దాటాయి. రికార్డింగుకే పిలిచాం.

ఆ రోజు కథ చెప్పాలి. నైంనగర్‌లో స్నేహితుడి మేడ మీద గది, గోడలకు పరుపులు కట్టి స్టూడియో చేసుకున్నాం. ఏసీ వేశాం. పది నిమిషాలకు డప్పు చప్పబడిపోయింది, తోలు చల్లబడి వదులైంది. కాక "మంట పెట్టుండ్రి" అన్నాడు. గదిలో మంట ఎక్కడ పెడతాం? మేడ మీద అట్టపెట్టెలు చించి కాల్చి, డప్పు వేడి చేసి, పరుగున లోపలికి తెచ్చి, రెండు టేకులు. మళ్లీ మేడ మీదికి. పక్కింటాయన పొగ చూసి వచ్చి మొదట తిట్టాడు, తర్వాత కుర్చీ వేసుకుని విన్నాడు. చివరికి ఏసీ బంద్ చేశాం, అందరం బనియన్ల మీద.

ఇంకోటి క్లిక్. ఇయర్‌ఫోన్స్‌లో తాళం కొట్టే మెట్రోనోమ్ పెడితే కాక తీసి పక్కన పెట్టాడు. "చెవుల ఈ టిక్కుటిక్కు ఏంది బిడ్డా, గోడ గడియారమా?" అన్నాడు. ఆయనది ఆరు మాత్రల దరువు, మాది నాలుగు. ఆయన మాకు సర్దుకోవడం జరిగే పని కాదని ముందు ఆయన్ను ఒక్కణ్ణే క్లిక్ లేకుండా కొట్టనిచ్చి, దాని మీద డ్రమ్స్ వాయించాం. మొదట్లో నిమిషానికి 96 బీట్ల స్పీడు, చివరికి 104 దాటింది. అందుకే పాట పోను పోను ఉరుకుతుంది. కొంతమంది అది తప్పు అంటారు.

మిక్సింగ్_మామ
తప్పు కాదు, అదే పాటకు ప్రాణం. ఎవడైనా కంప్యూటర్లో గ్రిడ్‌కు, అంటే ఒకే స్పీడుకు, సర్దుతానంటే వాడికి ఫైలు ఇవ్వకు. మాస్టరింగ్‌లో, అంటే చివర్లో సౌండ్ సర్దేటప్పుడు కూడా జాగ్రత్త. స్పాటిఫై అన్ని పాటలనూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సౌండ్ ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది. నువ్వు ఎంత గట్టిగా పిండి పంపినా వాళ్లు తగ్గిస్తారు, నీకు మిగిలేది చచ్చిన సిర్ర దెబ్బ. డప్పుకు ఊపిరి తీసుకునే చోటు ఉంచు.

విజయవాడ_వాసు
డప్పు, పలక, తప్పెట ఒకటేనా? మా వైపు పలక అంటారు.

సిర్ర_సిటికెన
దగ్గరి చుట్టాలు. ఊరు మారితే పేరు, కొట్టే తీరు కాస్త మారతాయి. మా దగ్గర కుడిచేతిలో లావుపాటి సిర్ర, ఎడమచేతిలో సన్నని సిటికెన పుల్ల.

కాజీపేట_గిటార్, ఇంకో ప్రశ్న. కాకకు ఎంత ఇచ్చారు? ఫారంలో ఆయన పేరు ఎక్కడ రాశారు?

కాజీపేట_గిటార్
రెండు వేలు ఇచ్చాం, బస్ చార్జీ, బిర్యానీ. ఫారంలో ఆర్టిస్ట్ అన్నచోట బ్యాండ్ పేరు. సంగీతం, సాహిత్యం అన్నచోట కూడా బ్యాండ్ పేరే. యూట్యూబ్ వివరణలో "ప్రత్యేక కృతజ్ఞతలు" కింద కాక పేరు పెడతాం.

సిర్ర_సిటికెన
"ప్రత్యేక కృతజ్ఞతలు" అంటే టీ ఇచ్చిన పిల్లాడు, కేబుల్ అప్పిచ్చిన దోస్తు, కాక. ఒకే వరుస.

నైంనగర్_నాని
అట్ల అనకండి. డబ్బులిచ్చారు కదా. సినిమా పాటల్లో వయొలిన్ వాయించే నలభై మంది పేర్లు ఎవరు వేస్తారు?

సిర్ర_సిటికెన
నలభై మందిలో ఒకడు వేరు. పాట మొదటి 1:12 మొత్తం ఒక్క మనిషి. నీకు రోమాలు లేచింది ఆయన దగ్గరే అని నువ్వే రాశావు, పైకి పోయి చూసుకో.

డప్పు కొట్టేవాణ్ణి పేరు పెట్టి పిలవని అలవాటు మన ఊళ్లలో పాతది. చావుకు పిలుస్తారు, జాతరకు పిలుస్తారు, "డప్పోళ్లు వచ్చిండ్రా" అంటారు. రాక్ బ్యాండు కూడా అదే చేస్తే గిటార్ కొన్న డబ్బు దండగ.

నైంనగర్_నాని
అది నిజమే. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

పెద్దపల్లి_పద్మ
నేను ఈ థ్రెడ్‌లోకి ఆలస్యంగా వచ్చాను. ముక్క నాలుగు సార్లు విన్నాను. డప్పు సంగతి అటుంచి, ఆ పల్లవి వరుస ఎవరు కట్టారు? మా అమ్మ నాట్లకు పోయినప్పుడు సరిగ్గా ఇదే వరుస పాడేది. మాటలు వేరు, వాగు గురించి. ఒకామె ముందు అంటే మిగతా ఆడవాళ్లు వంగి నాటు వేస్తూనే అందుకునేవారు. మీ రెండో గిటార్ కూడా సరిగ్గా ఆ అందుకునే చోటే వస్తోంది. అంటే విన్నవాళ్లెవరో కట్టారు.

కాజీపేట_గిటార్
అవును మేడం. చెప్పకుండా దాచాలని కాదు. కాక రికార్డింగు మధ్యలో మేడ మీద కూర్చుని కూనిరాగం తీస్తుంటే మా పాడేవాడు పట్టుకున్నాడు. అంతకు ముందు మా పల్లవి వేరే ఉండేది, చప్పగా ఉండేది. చరణాలు, మాటలు పూర్తిగా మావే. పల్లవిలో వరుస, ఒక్క మాట అక్కడిది. జానపదం కదా, ఎవరిదీ కాదు అనుకున్నాం.

పెద్దపల్లి_పద్మ
ఎవరిదీ కాదంటే మీది అని కాదు కదా నాయనా.

బేస్_ఎవరికి_వినబడుద్ది
పాట కోయాలా వద్దా అని మొదలై ఎక్కడికొచ్చాం. నేను పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

ఉర్సుగుట్ట_ఉష
లా చదివాను కాబట్టి కొంచెం విడదీస్తాను. పాట అన్నదాంట్లో రెండు వేర్వేరు ఆస్తులు ఉంటాయి. ఒకటి వరుస, మాటలు. రెండోది మీరు రికార్డు చేసిన ఆ శబ్దం. ఫారంలో ఆర్టిస్ట్ ఒక గడి, కంపోజర్ ఒక గడి, లిరిసిస్ట్ ఒక గడి ఉండేది అందుకే. మీరు అన్నిటికీ ఒకే పేరు కొట్టారు.

తరాలుగా పాడుతున్న నాట్ల పాట వరుస మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. మీరు వాడుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ కంపోజర్ గడిలో మీ పేరు ఒక్కటే రాస్తే అది అబద్ధం. "సంప్రదాయం" అని రాసి, అరేంజ్‌మెంట్ మీ బ్యాండ్ అని రాయాలి. మీ చరణాల మాటలు మీవే. ఢిల్లీ బ్యాండ్ ఇండియన్ ఓషన్ వాళ్లు 2000లో తెచ్చిన కందిసా పాట కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రాచీన ప్రార్థన గీతమే. ఎక్కడిదో చెప్పినంత మాత్రాన ఆ బ్యాండ్ గొప్ప తగ్గిందా?

ఇక కాక. ఆయన ప్రదర్శకుడు. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణలో 38బి సెక్షన్ వచ్చింది. తన ప్రదర్శనకు తన పేరు చెప్పమని అడిగే హక్కు ప్రదర్శకుడికి ఉంది. రెండు వేలు ఇచ్చినంత మాత్రాన అది పోదు. ఏమైనా కాగితం రాసుకున్నారా?

కాజీపేట_గిటార్
కాగితమా? కాక మాకు బిర్యానీ వడ్డించాడు, కాగితం ఎక్కడ అడుగుతాం.

ఉర్సుగుట్ట_ఉష
బిర్యానీ తిన్నాక కూడా రాసుకోవచ్చు. ఒక పేజీ చాలు, తెలుగులోనే. ఆయనకు చదివి వినిపించండి.

జమ్మికుంట_జానీ
జానపదం ఎవరిదీ కాదు అంటే నవ్వొచ్చింది, ఏడుపు కూడా. రెండేళ్ల కింద మా నానమ్మ పాడిన బతుకమ్మ పాట ఫోన్లో తీసి యూట్యూబ్‌లో పెట్టాను. వెనకాల ఏ మ్యూజిక్కూ లేదు, కుక్క అరుపు ఒక్కటే. వారానికి ఒక ఆడియో కంపెనీ నుంచి క్లెయిమ్ వచ్చింది, ఆ పాట తమదని. వాళ్లు ఎప్పుడో ఆ వరుసతో క్యాసెట్ తీసి కంటెంట్ ఐడీలో, అంటే ఒకే పాటను వెతికి పట్టుకునే యూట్యూబ్ మెషిన్‌లో, ఎక్కించారు. మెషిన్‌కు నానమ్మ అయితే ఏంటి, స్టూడియో గాయని అయితే ఏంటి. డిస్ప్యూట్ వేశాను. వాళ్లకు జవాబివ్వడానికి 30 రోజులు గడువు. 23వ రోజు వదిలేశారు. నానమ్మ అడిగేది రోజూ, "నా పాట నాకు తిరిగొచ్చిందా" అని.

మీరు కూడా రేపు ఇది మాదే అని కంటెంట్ ఐడీలో ఎక్కిస్తే, పద్మ గారి అమ్మ వీడియోకు క్లెయిమ్ పంపేది మీరే.

కాజీపేట_గిటార్
ఫారంలో ఆ టిక్కు పెట్టాను. ఇప్పుడే తీసేశాను. నిజంగా తెలియదు.

మిక్సింగ్_మామ
మంచి పని చేశావు. బయట కొన్న డ్రమ్ లూప్‌లు, అందరి చేతుల్లో ఉన్న వరుసలు ఉన్న పాటకు ఆ టిక్కు పెట్టకూడదు. పెడితే ముందు గొడవ వచ్చేది నీకే.

పరకాల_బస్సు
నేనే ఆ డ్రమ్మర్ని. లింకు బేస్ వాయించేవాడు పంపాడు. కొన్ని సవరణలు.

కోస్తే బ్యాండ్‌లో ఉండనని నేను అనలేదు. కోస్తే మొదట పోయేది కాక డప్పు, ఆయన్ను కోసి పాట వదిలితే నేను ఊళ్లోకి ఎట్ల పోవాలి అని అన్నాను. మా వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ ఉంది, పైకి పోయి చూసుకో. రెండు వేలు చేతిలో పెట్టినప్పుడు కాక లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు బస్సులో ఆయన పక్కనే కూర్చుని వచ్చాను. "పాట రేడియోల వస్తదా బిడ్డా" అని అడిగాడు. వస్తుందని చెప్పాను. నా పేరు చెప్తారా అని ఆయన అడగలేదు. అడగడని నాకు తెలుసు.

కాజీపేట_గిటార్
సరే, ఇది ఫోన్లో మాట్లాడుకుందాం.

నైంనగర్_నాని
ఇక్కడే మాట్లాడండి, మేం ఏమనుకోం.

పాత_క్యాసెట్
డ్రమ్మర్ తమ్ముడికి ఒకటి చెప్పాలి. ఆ క్వీన్ రికార్డుకు వెనక వైపు, అంటే బి సైడ్, వాళ్ల డ్రమ్మర్ రోజర్ టేలర్ రాసిన పాట. కారు మీద ప్రేమ పాట. కొన్నవాళ్లందరూ ముందు వైపు కోసం కొన్నారు. కానీ ఒక పళ్లెం అమ్ముడైతే రెండు వైపులా రాసినవాళ్లకు సమానంగా డబ్బు పోతుంది. దాని మీద వాళ్లలో వాళ్లకు చాలా ఏళ్లు సణుగుడు నడిచింది. అంత పెద్ద బ్యాండ్లు కూడా ముందు కొట్లాడుకునేది పేర్ల దగ్గరే.

ఇంకోటి, మన దేశంలోదే. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాట రికార్డు చేశారు. మూడు నిమిషాల పాట అయిపోగానే ఆమె ఇంగ్లీషులో గట్టిగా "నా పేరు గౌహర్ జాన్" అని చెప్పేది. ఎందుకంటే రికార్డులు జర్మనీలోని హనోవర్‌లో అచ్చయ్యేవి, అక్కడి పనివాళ్లకు ఏ పళ్లెం మీద ఎవరి పేరు అతికించాలో తెలియాలి. ఫారం లేని రోజుల్లో ఆమె గొంతే ఫారం. మీ కాకతో కూడా అట్ల చెప్పించండి, ఏ గడిలో రాయాలా అన్న బాధ ఉండదు.

జమ్మికుంట_జానీ
సారు మళ్లీ 78 స్పీడుకు వచ్చారు. కానీ ఈసారి ఒప్పుకుంటున్నా, మంచి ఐడియా.

కరీంనగర్_కీబోర్డ్
రిలీజ్ తేదీ మీద ఎవరూ మాట్లాడట్లేదు. మేం పోయిన ఏడాది చేసిన తప్పులు మీరు చేయొద్దు. ప్రపంచమంతా శుక్రవారం కొత్త పాటలు వదలడం 2015 జూలై 10 నుంచి మొదలైంది. మేమూ శుక్రవారమే వదిలాం. అదే రోజు ఒక పెద్ద హీరో సినిమా పాట వచ్చింది. మొదటి రోజు మాకు 60 ప్లేలు. అందులో 40 మావే, వేర్వేరు ఫోన్లలో. మా చెల్లి ఫోన్ వేడెక్కి ఆగిపోయింది.

బుధవారం అప్‌లోడ్ చేసి శుక్రవారం వదలడం ఇంకో తప్పు. స్పాటిఫై ఎడిటర్లకు పాట చూపించాలంటే కనీసం ఏడు రోజుల ముందు ఆర్టిస్ట్ ఖాతాలోంచి పంపాలి. వదిలాక పంపడానికి ఉండదు. నన్నడిగితే నాలుగు వారాల గ్యాప్ పెట్టుకోండి. కవర్ బొమ్మ 3000 గుణించు 3000 పిక్సెళ్లు, దాని మీద ఫోన్ నంబర్ రాయొద్దు. మావాడు పెళ్లిళ్ల బుకింగ్ వస్తుందని రాశాడు, వెనక్కి కొట్టారు.

విజయవాడ_వాసు
బుకింగ్ వచ్చిందా?

కరీంనగర్_కీబోర్డ్
వెనక్కి కొట్టాక ఎట్ల వస్తది.

భద్రకాళి_బండ్
శుక్రవారం, ప్లేలు అన్నీ సరే. మొదటిసారి వినిపించేది మాత్రం మనుషుల ముందు చేయండి. వరంగల్ నిట్ కాలేజీ ఫెస్టు స్ప్రింగ్‌స్ప్రీలో చూశాను, ఊరి డప్పు మొదలైతే ఏ రాష్ట్రం పిల్లాడైనా లేచి నిలబడతాడు. ఆరు బయట పెడితే పర్మిషన్ తీసుకోండి, రాత్రి పది దాటితే మైకు బంద్. మీ పాట 5:40 కాబట్టి 9:54కల్లా మొదలుపెట్టాలి.

నైంనగర్_నాని
డబ్బు సంగతి? కాకకు వాటా ఇవ్వాలంటే ఎంత వస్తుందని?

మిక్సింగ్_మామ
2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటకు ఏడాదిలో వెయ్యి ప్లేలు దాటితేనే డబ్బు లెక్క మొదలవుతుంది. దాటకపోతే సున్నా. దాటినా మొదట్లో వచ్చేది టీ ఖర్చు. అందుకే నా సలహా, వాటా కాగితం మీద రాయండి, కానీ ఇప్పుడే చేతికి సరైన మొత్తం ఇవ్వండి. హైదరాబాద్‌లో ఒక గిటార్ కుర్రాడు ఒక పాటకు వస్తే ఎంత అడుగుతాడో అంత. కాకకు తక్కువ ఎందుకు?

నైంనగర్_నాని
అంటే సున్నాను ఆరు భాగాలు చేయాలి. సులువే.

ఉర్సుగుట్ట_ఉష
సున్నాగా ఉన్నప్పుడే చేయాలి. డబ్బు వచ్చాక ఎవరూ సంతకం పెట్టరు.

కాజీపేట_గిటార్
నాలుగు రోజులు కనబడకపోతే పారిపోయానని అనుకున్నారేమో. ఆదివారం అందరం కలిసి ఊరికి పోయి వచ్చాం. పాడేవాడు కూడా వచ్చాడు, అలిగే వచ్చాడు.

స్పీకర్ పట్టుకుపోయి కాక ఇంటి ముందు అరుగు మీద పాట వేశాం. పది పన్నెండు మంది చేరారు. 1:12 దాకా ఎవరూ కదల్లేదు. పల్లవి రాగానే వెనకాల ఒక ముసలామె అందుకుంది. మా పల్లవి కాదు, వాళ్ల మాటలతో. రెండో వరుసకు ఇంకో ఇద్దరు. మేం మధ్యలో పాట ఆపేశాం, వాళ్లు ఆపలేదు. మా పాడేవాడు ఫోన్ తీసి రికార్డు చేస్తూ కూర్చున్నాడు. తిరిగొచ్చేటప్పుడు కోసే మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఉష గారు చెప్పినట్టు ఒక పేజీ రాసుకుని పోయాం. కాక మొత్తం విన్నాడు. డబ్బు దగ్గర ఏమీ అనలేదు, మిక్సింగ్_మామ చెప్పిన లెక్కలో ఇచ్చాం, ఈసారి లెక్కపెట్టుకున్నాడు. పేరు దగ్గర మాత్రం ఆపాడు. "డప్పుకు నా పేరు పెట్టుండ్రి. పాటకు పెట్టకుండ్రి, అది నాది గాదు, నాటేసే ఆడోళ్లది" అన్నాడు. ఆ ముసలామెను అడిగితే ఆమె నాది కాదు, మా అత్తది అంది. అత్త ఎవరి దగ్గర నేర్చుకుందో ఎవరికీ తెలియదు.

చివరికి ఫారం ఇట్ల నింపాను. ఆర్టిస్ట్: బ్యాండ్ పేరు, పక్కనే కాక పేరు. వరుస: సంప్రదాయం. అరేంజ్‌మెంట్ బ్యాండ్, చరణాల మాటలు పాడేవాడు. వివరణలో మొదటి వాక్యం ఊరి పేరుతో, నాట్ల పాట అని.

పెద్దపల్లి_పద్మ
ఆ ముసలామె పాడిన మాటల్లో వాగు ఉందా?

కాజీపేట_గిటార్
ఉంది మేడం. రికార్డింగు మీకు పంపిస్తాను.

పాత_క్యాసెట్
గౌహర్ జాన్ సంగతి ఏమైంది?

పరకాల_బస్సు
చెప్పించాం సార్. ఫోన్లోనే తీశాం. మొదటిసారి సిగ్గుపడి నవ్వాడు, రెండోసారి ఊరి పేరు ముందు చెప్పి తన పేరు చెప్పాడు, మూడోసారి ఇంటి పేరు కూడా కలిపాడు. మూడోదే పెట్టాం, పాట అయిపోయాక.

కాజీపేట_గిటార్
దానికి నాలుగు సెకన్లు పట్టింది. ఇప్పుడు పాట 5:44.

నైంనగర్_నాని
కోయమని మొదలైన థ్రెడ్‌లో పాట పెరిగింది.

మిక్సింగ్_మామ
ఫైనల్ మిక్స్ నాకు పంపు, ఒకసారి వింటాను, డబ్బులొద్దు. నువ్వు పెట్టిన ముక్క విన్నప్పుడు చివర్లో ఏదో కూత వినబడినట్టు అనిపించింది, పంపే ముందు అది తీసెయ్.

కాజీపేట_గిటార్
అది తీయలేం మామా. గొంతు మా ఇంట్లో రికార్డు చేశాం, కాజీపేట పట్టాల పక్కన. మంచి టేకు పడ్డ ఒక్కసారే గూడ్సు వచ్చింది.

ఉర్సుగుట్ట_ఉష
దక్షిణ మధ్య రైల్వేకు కూడా ఒక కాగితం రాయాలా?

బేస్_ఎవరికి_వినబడుద్ది
రైలు వినబడుతోంది కానీ బేస్ వినబడట్లేదు.